గోడకు సున్నం సరే, రోగి క్షేమం అడిగేదెవరు?

ఆసుపత్రి అభివృద్ధి సంఘాల బాధ్యతపై ఒక పరిశీలన

కర్నూలు: ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశం జరిగిన మరునాడు పత్రికల్లో వచ్చే వార్త యే వూరిదైనా దాదాపు ఒకే తీరుగా వుంటుంది. ప్రహరీ గోడకు తీర్మానం, మరుగుదొడ్ల మరమ్మతుకు ఆమోదం, సైకిల్ స్టాండు వేలం, క్యాంటీను అద్దె పెంపు, జనరేటరుకు ప్రతిపాదన. చివర్లో రోగులకు మెరుగైన వైద్యం అందించాలని అధ్యక్షులు ఆదేశించారనే ఒక వాక్యం. ఆ వాక్యం వెనుక వుండవలసిన లెక్క మాత్రం వార్తలో వుండదు. గడచిన మూడు మాసాల్లో ఎందరు తల్లులు కాన్పుకు వచ్చారు, తల్లి గానీ బిడ్డ గానీ పోయిన ఇళ్ళెన్ని, ఆపరేషను కుట్లు చీము పట్టినవెన్ని, పాముకాటు మందు ఎన్ని రోజులు నిండుకున్నది? ఈ లెక్కను సంఘం అడిగిందా లేదా అన్నది పల్లెవాసికి తెలిసే దారి లేదు.

గోడలూ, దీపాలూ అక్కరలేనివని యెవరూ అనరు. నీళ్ళు లేని కాన్పుల గది, తలుపు లేని మరుగుదొడ్డి రోగికి నరకమే. అయితే ఈ సంఘాలను పెట్టింది గోడలకోసం మాత్రమే కాదు. లోపలికి వెళ్ళిన మనిషి క్షేమంగా బయటకు వస్తున్నాడా లేదా అని ప్రజల తరఫున కనిపెట్టి వుండేందుకు కూడా పెట్టారు. ఆ రెండవ పని ఎంతవరకు జరుగుతున్నదన్నదే అసలు ప్రశ్న.

ధర్మాసుపత్రే దిక్కు

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వచ్చే రోగులు ఒక్క కర్నూలు జిల్లావారే కాదు. నంద్యాల వైపు వారు, నల్లమల అంచు పల్లెల వారు, తుంగభద్ర దాటి అలంపురం, గద్వాల వైపు నుంచి వచ్చేవారు, కర్ణాటక సరిహద్దు గ్రామాల వారు అందరికీ అదే పెద్దాసుపత్రి. కడపలో 2006 నుంచి నడుస్తున్న రిమ్స్‌కు బద్వేలు, మైదుకూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి రోగులు వస్తారు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. కోసిగి, మంత్రాలయం వైపు వారికీ దూరమే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని అంత దూరం తీసుకుపోవలసి వస్తే దారిలో గడిచే ప్రతి నిమిషానికీ విలువ వుంది.

దీనికి తోడు వలస వుంది. పని దొరకని నెలల్లో పశ్చిమ మండలాల కూలీలు పిల్లాజెల్లాతో గుంటూరు మిరపచేలకు, పత్తిచేలకు, బెంగుళూరు కట్టడం పనులకు పోతారు. గర్భిణి పేరు ఒక వూరి రిజిస్టరులో వుంటుంది, కాన్పు ఇంకొక వూరి ఆసుపత్రిలో జరుగుతుంది. అలాంటి తల్లి సంగతి యే సంఘం లెక్కలోకి వస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1995 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక ముఖ్యమైన తీర్పు ప్రకారం, డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుంది. వచ్చిన వారందరికీ పూర్తిగా ఉచితంగా చేసే వైద్యం ఆ చట్టం కిందకు రాదు. అంటే ప్రైవేటు నర్సింగుహోములో నష్టపోయినవాడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళగలడు గానీ, ధర్మాసుపత్రిలో నష్టపోయిన పేదవాడికి ఆ తలుపు సామాన్యంగా మూసే వుంటుంది. మామూలు కోర్టులకు వెళ్ళే హక్కు వున్నా, ఆ ఖర్చు, ఆ తిరుగుడు కూలివాడికి సాధ్యమయ్యే పని కాదు. కనుక తప్పు జరగకముందే కనిపెట్టవలసిన సంఘం పేదవాడికి మరింత అవసరం.

ఎలుకల బెడద నుంచి పుట్టిన సంఘం

ఈ సంఘాల పుట్టుక కథ ఆసక్తికరమైనది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం చెలరేగింది. ఆ సమయంలో మధ్యప్రదేశ్‌లోని ఇండోరు నగరంలో మహారాజా యశ్వంతరావు ఆసుపత్రి ఎలుకలతో నిండి వున్నది. ప్లేగు ఎలుకల వల్ల వచ్చే జబ్బు కనుక జిల్లా యంత్రాంగం రోగులను వేరేచోటికి తరలించి, ఆసుపత్రిని ఖాళీ చేయించి, బండ్లకొద్దీ చెత్త ఎత్తించి, వేలకొద్దీ ఎలుకలను చంపించింది. పట్టణ ప్రజలు కూడా చేయి కలిపారు. అంత కష్టపడి శుభ్రం చేసిన ఆసుపత్రి మళ్ళీ పాడు కాకుండా చూసేందుకు అధికారులు, వైద్యులు, పౌరులు కలిసిన ఒక సంఘాన్ని ఏర్పరచారు. దానికి రోగి కల్యాణ సమితి అని పేరు పెట్టారు.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆ నమూనాను దేశమంతటికీ తెచ్చారు. మన రాష్ట్రంలో వాటికి ఆసుపత్రి అభివృద్ధి సంఘాలనే పేరు స్థిరపడింది. మిషన్ తొలి సంవత్సరాల్లో సమితుల ఖర్చుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి యేటా 1 లక్ష రూపాయలు, జిల్లా ఆసుపత్రికి 5 లక్షల రూపాయలు కేటాయించారు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య సంఘానికి యేటా 10 వేల రూపాయలు ఇచ్చారు. అప్పటికే మన రాష్ట్రంలో 1986 నాటి చట్టంతో వైద్య విధాన పరిషత్తు ఏర్పడి వుంది. తాలూకా, జిల్లా ఆసుపత్రుల చిన్న చిన్న అవసరాలకు కూడా రాజధాని చుట్టూ తిరగకూడదన్నది ఆనాటి ఉద్దేశం. అధికారం ఆసుపత్రి దగ్గరకు రావాలని పరిషత్తు, ప్రజలు ఆసుపత్రి లోపలికి రావాలని సమితి వచ్చాయని చెప్పుకోవచ్చు.

ఇంతా జరిగాక 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చికిత్సలో వున్న పసికందును ఎలుకలు కొరికాయి. ఆ బిడ్డ చనిపోయింది. ఆ తరువాత ఆసుపత్రిలో ఎలుకలను పట్టించారు, అధికారులపై చర్యలు తీసుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లయింది. ఎలుకల బెడద ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. వార్డులో పడుకున్న తల్లులకు, ఆయాలకు, నర్సులకు ముందే కనిపిస్తుంది. వారి మాట సమావేశపు బల్ల మీదికి చేరే దారి ఉంటే ఆ బిడ్డ బతికేదేమో.

కోర్టు చెప్పినా కళ్ళు తెరవని చోట

సంఘం సరిగా కనిపెట్టకపోతే యేమి జరుగుతుందో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చూస్తే తెలుస్తుంది. రాయలసీమ పల్లెల్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలు కాగానే ఆపరేషను చేయించుకునేది ఎక్కువగా ఆడవారే. 2005 మార్చిలో సుప్రీంకోర్టు ఈ ఆపరేషన్ల విషయంలో స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. ప్రతి జిల్లాలోనూ, రాష్ట్రంలోనూ నాణ్యతను పరిశీలించే సంఘం వుండాలని, ఆపరేషనుకు ముందు చూడవలసినవన్నీ ఒక పట్టిక ప్రకారం చూడాలని, ప్రాణం పోయినా, ఆపరేషను విఫలమైనా పరిహారం ఇచ్చే ఏర్పాటు వుండాలని చెప్పింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ కల్పించుకొని, మూడేళ్ళలోగా ఇటువంటి శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలన్నది.

ఆ గడువు దాటిన తరువాత, 2022 ఆగస్టు 25న, తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు ఈ ఆపరేషన్లు చేశారు. తరువాతి రోజుల్లో వారిలో నలుగురు చనిపోయారు. మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించారు. ఇన్‌ఫెక్షన్ సోకడమే కారణమని విచారణలో బయటపడింది. ఆదేశాలు కాగితం మీద వున్నాయి, సంఘాల పేర్లూ కాగితం మీద వున్నాయి. ఆపరేషనుకు ముందురోజు సాధనాలు ఎన్ని వున్నాయి, ఒకరికి వాడిన సాధనాన్ని ఇంకొకరికి వాడేలోగా శుద్ధి చేయడానికి ఎంతసేపు పడుతుంది, ఒక రోజుకు ఎందరికి చేయవచ్చు అని గట్టిగా అడిగి ఆపగల మనిషి అక్కడ వుండివుంటే నాలుగు ఇళ్ళలో పిల్లలు తల్లిలేనివారు అయ్యేవారు కాదు.

కరోనా నాటి అనుభవమూ ఇటువంటిదే. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ లారీ రావడం ఆలస్యమై, గొట్టాల్లో పీడనం తగ్గి, అధికారులు ప్రకటించిన లెక్క ప్రకారమే 11 మంది రోగులు ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు ఆక్సిజన్ అనేది సాంకేతిక నిపుణుల వ్యవహారమని అందరూ అనుకునేవారు. "వున్న నిల్వ ఎన్ని గంటలకు వస్తుంది, లారీ ఆలస్యమైతే రెండవ ఏర్పాటు యేమిటి?" అనే ప్రశ్న వేయడానికి డాక్టరు చదువు అక్కరలేదు. ఇంట్లో గింజల గాదె చూసుకునే రైతు వేసే ప్రశ్నే అది.

ఎందుకు అడగరు?

సంఘాల్లో వున్నవారు చెడ్డవారని కాదు. అడగకపోవడానికి కొన్ని కారణాలు వున్నాయి. మొదటిది, అధ్యక్షస్థానంలో వుండే కలెక్టరుకో, శాసనసభ్యునికో వంద పనులు. గంటసేపు దొరికిన సమావేశంలో సొమ్ముకు సంబంధించిన తీర్మానాలు ముందు వస్తాయి, సంతకం లేనిదే బిల్లు కదలదు కనుక. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం కింద జరిగే చికిత్సలకు వచ్చే సొమ్ము, అద్దెలు, గ్రాంట్లు, వీటి ఖర్చు చూసుకోవడంతోనే సరిపోతుంది.

రెండవది, సమావేశం ఏర్పాటు చేసి నివేదిక ఇచ్చేది ఆసుపత్రి సూపరింటెండెంటే. పరీక్ష రాసినవారే పేపరు దిద్దుకున్నట్లు వుంటుంది. ఆయన చెప్పింది తప్పని కాదు. కానీ ఇంకొక వైపు నుంచి, అంటే రోగుల నుంచి, నర్సుల నుంచి, ఆశా కార్యకర్తల నుంచి మాట రాకపోతే సభ్యులు పోల్చి చూసుకునేందుకు యేమీ వుండదు.

మూడవది, వైద్యం మనకు తెలియదు, మాట్లాడితే నవ్వుతారేమో అన్న సంకోచం. ఈ సంకోచం మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో స్టాఫర్డ్ అనే పట్టణంలో ప్రభుత్వ ఆసుపత్రికి చదువుకున్న పెద్దలతో, జీతాలు తీసుకునే డైరెక్టర్లతో పెద్ద బోర్డే వుండేది. 2005 నుంచి 2009 వరకు ఆ ఆసుపత్రిలో రోగులను యెంతగా నిర్లక్ష్యం చేశారంటే, దాహానికి పూలకూజాలోని నీళ్ళు తాగిన ఉదంతాలు కూడా బయటకు వచ్చాయి. ఆ కాలంలో బోర్డు దృష్టి అంతా ఖర్చు తగ్గించడం మీద, ఆసుపత్రికి పై హోదా సంపాదించడం మీద వుండిపోయింది. 2007లో తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ అనే మహిళ తనవంటి బాధితులను కూడగట్టి ఆందోళన సాగించింది. చివరికి విచారణ జరిపిన రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. బోర్డు రోగుల మాట, సిబ్బంది మాట వినలేదన్నది ఆయన తేల్చిన ముఖ్యమైన సంగతి. ధనిక దేశమైనా, పేద దేశమైనా బల్ల చుట్టూ కూర్చున్నవారు డబ్బు లెక్క ఒక్కటే చూస్తే మంచం మీది మనిషి కనుమరుగవుతాడు.

వైద్యుల వైపు మాట

ఈ విషయంలో వైద్యుల వాదన కూడా వినాలి. ఒక మంచానికి ఇద్దరు రోగులు, రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒకరో ఇద్దరో నర్సులు, ఖాళీగా వున్న పోస్టులు, పైనుంచి రాని మందులు. ఇవన్నీ వదిలిపెట్టి చివరి నిమిషంలో రోగిని చేర్చుకున్న డాక్టరునే నిందిస్తే రేపటి నుంచి బరువైన కేసు చేర్చుకునేందుకు యెవరూ ముందుకు రారు. కష్టమైన కేసును ముట్టుకోకుండా పెద్దాసుపత్రికి రాసిపంపే అలవాటు పెరుగుతుంది. సభ్యులు వార్డుల్లోకి వచ్చి నర్సుల మీద కేకలు వేసి, ఫోటో దిగి వెళితే ఒరిగేది లేదు.

ఇది న్యాయమైన మాటే. సంఘం పని దొంగను పట్టడం కాదు, గండి ఎక్కడ పడుతున్నదో కనిపెట్టడం. చెరువుకట్ట మీద గండి పడితే నీరుగంటిని తిట్టినంత మాత్రాన నీళ్ళు నిలవవు. నర్సుల కొరత వల్ల చావులు జరుగుతుంటే ఆ మాట లెక్కలతో సహా ప్రభుత్వానికి చెప్పగలిగేది కూడా ఈ సంఘమే. సూపరింటెండెంటు ఒక్కడు రాసిన లేఖ కంటే, కలెక్టరు, ప్రజాప్రతినిధులు సంతకం చేసిన తీర్మానానికి బలం ఎక్కువ.

అడగవలసినవి ఐదు

సంఘం కొత్తగా ప్రశ్నలు కనిపెట్టవలసిన పని లేదు. 2013లో కేంద్రం ప్రభుత్వ ఆసుపత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణాలు తెచ్చింది. రోగి హక్కులు, చికిత్స తీరు, ఇన్‌ఫెక్షన్ నివారణ, ఫలితాలు వంటి 8 విభాగాల్లో మార్కులు వేస్తారు. 2015లో పరిశుభ్రతకు కాయకల్ప్ పథకం, 2017లో కాన్పుల గది కోసం లక్ష్య పథకం వచ్చాయి. వాటి పట్టికలు ఆసుపత్రుల్లోనే వుంటాయి. వాటి సారాన్ని పల్లె మాటల్లో చెప్పుకుంటే ఐదు ప్రశ్నలుగా తేలుతుంది.

ఒకటి, గత సమావేశం తరువాత ఎందరు తల్లులు, ఎందరు పసిబిడ్డలు చనిపోయారు, ఒక్కొక్క మరణం మీద విచారణ జరిగిందా, దాని తరువాత మారినదేమిటి?

రెండు, ఆపరేషను అయినవారిలో ఎందరికి చీము పట్టింది, సాధనాలు వుడికించే యంత్రం ఎన్ని రోజులు పనిచేయలేదు?

మూడు, పాముకాటు మందు, కుక్కకాటు మందు, రక్తం, ఆక్సిజన్, వీటిలో యేది ఎన్ని రోజులు లేకుండా పోయింది?

నాలుగు, పై ఆసుపత్రికి ఎందరిని పంపారు, ఎందుకు పంపారు, పంపినవారు ప్రాణాలతో చేరారా?

ఐదు, రోగుల నుంచి వచ్చిన ఫిర్యాదులెన్ని, ఒక్కొక్కదానికి ఇచ్చిన జవాబేమిటి?

ఈ ఐదింటికి సమాధానం ఒక్క కాగితం మీద పడుతుంది. దాన్ని ప్రతి సమావేశంలో సొమ్ము విషయాలకంటే ముందు చదివి, రోగుల పేర్లు లేకుండా నోటీసు బోర్డు మీద అంటిస్తే సగం పని అయినట్లే. మొదట్లో అంకెలు పెద్దవిగా కనిపించవచ్చు. దాచకుండా రాసిన ఆసుపత్రిని ముందే శిక్షిస్తే రెండవసారి యెవరూ నిజం రాయరు. ఆ సంయమనం అధ్యక్షులకు వుండాలి.

పల్లె చేతిలో వున్నవి

గ్రామస్థులు సంఘంలో సభ్యులు కాకపోయినా చేయగలిగినవి కొన్ని వున్నాయి. కాన్పులో తల్లి చనిపోతే ఆ మరణాన్ని సమీక్షించాలని 2010లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కలెక్టరు స్థాయిలో జరిగే సమీక్షకు చనిపోయిన తల్లి బంధువులను పిలిచి, ఇంటి దగ్గర బయలుదేరినది మొదలు ప్రాణం పోయేవరకు యేమి జరిగిందో వారి నోట వినాలని అందులో వుంది. బండి దొరకడానికి ఎంతసేపు పట్టింది, మొదటి ఆసుపత్రిలో యేమన్నారు, రక్తం ఎక్కడ దొరకలేదు అన్నది వారికంటే బాగా చెప్పగలవారు లేరు. అలాంటి కష్టం వచ్చిన ఇంటివారు ఏ.ఎన్.ఎం.ను గానీ, ఆశా కార్యకర్తను గానీ సమీక్ష ఎప్పుడని అడగాలి. ఇది యెవరినో జైలుకు పంపే విచారణ కాదు, ఇంకొక తల్లి అదే దారిన పోకుండా చూసే ఏర్పాటు.

సంఘం తీర్మానాలు, ఖర్చుల లెక్కలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం వుంది. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. గ్రామ ఆరోగ్య సంఘం వూళ్ళోనే వుంది. అందులోని పెద్దలు తమ వూరి నుంచి ఆసుపత్రికి పోయివచ్చిన వారి మాటలు రాసిపెట్టి, మండల సమావేశంలో చదివితే పై సంఘం వినక తప్పదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆసుపత్రి అమ్మ కంటే ఎక్కువ కాదు. ఈసారి అభివృద్ధి సంఘం కూర్చున్నప్పుడు ప్రహరీ గోడ తీర్మానం తప్పక చేయవచ్చు. అంతకుముందు ఐదు నిమిషాలు ఆ ఒక్క కాగితం చదవాలి. చదివారో లేదో ఆ ఊరివారే కనుక్కోవాలి.